సీసా ఒరిగి పడలేదు

"లేవను. ఈ తలుపు కాడ నుంచి నా శవం లేవాల్సిందే గానీ నేను లేవను."

ఏసోబు కుర్చీ ఇంకాస్త జరుపుకున్నాడు. జరిపి, చంటిపిల్లల ఐసీయూ తలుపుకి సరిగ్గా అడ్డంగా వేసుకున్నాడు. ఒళ్ళో బైబిలు, కాళ్ళ మధ్య చేతికర్ర. మూడు రోజుల నుంచీ ఇదే కాపలా.

లోపల ఆయన మనవరాలు గాజు పెట్టెలో ఉంది. పుట్టి తొమ్మిది రోజులు. బరువు పదకొండు వందల గ్రాములు. ఊపిరి కోసం కొట్టుకుంటోంది. ఏసోబు కాపలా ఆ ఊపిరికి కాదు. ఆ నెత్తికి. నెత్తి మీద నీటిచుక్క పడకూడదు. బాప్తిస్మం ఇచ్చే లూథరన్ పాస్టరు అయ్యగారు ఎవరూ ఈ గడప దాటకూడదు.

సత్తెనపల్లి బస్సు దిగి నేరుగా వచ్చిన వీరమ్మ ఆయన ముందు సంచీ కింద పెట్టింది. ఆయన కోడలు హెలెన్‌కి తల్లి. చీర కొంగు నిండా మిరపఘాటు. తొడిమలు తీసే పని మధ్యలో వదిలి వచ్చింది.

"ఏం అన్నయ్యా, ఆస్పత్రోళ్ళు వాచ్‌మన్ ఉజ్జోగం ఇచ్చారా?"

"మీ ఆదాం అయ్యగారిని ఎంటబెట్టుకొస్తావని తెలిసే కూర్చున్నా చెల్లెమ్మా."

"అయ్యగారు రాలా. వొస్తానంటే నేనే ఒద్దన్నా. లోపలికి డాక్టర్లు రానీరు, బయట నీ కర్ర."

"అది తెలిస్తే మంచిదే. పసిగుడ్డుకి బాప్తిస్మం ఏందమ్మా? పాపం తెలిసిందా దానికి, పశ్చాత్తాపం తెలిసిందా? బుద్ధెరిగాక మునిగి లేవాలి. సాగర్ కాలవలో మునిగి లేచినోణ్ణి నేను. మీకేంది, చెంచాడు నీళ్ళు చిలకరించి అయిపోయిందంటారు."

"ఆ చెంచాడే అడుగుతున్నా. పెద్దోడికి అదీ దక్కలా."

ఏసోబు కర్ర సర్దుకున్నాడు.

పెద్దోడంటే పోయిన ఏడు హెలెన్‌కి పుట్టిన మగబిడ్డ. వాడూ ఏడో నెలకే వచ్చాడు. మూడు రోజులు బతికాడు. సమాధుల తోటలో చోటడిగితే అడ్డం పడింది ఈ ఏసోబే. రక్షణ పొంది సంఘంలో చేరినోళ్ళకే తోట అన్నాడు. ఆ మాట వాళ్ళ పాస్టరుగారు అనలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. సంఘపెద్దగా ఈయనే అన్నాడు, సంఘం తల వంచుకుంది.

ఊరోళ్ళు మన శవాల్ని వాళ్ళ శ్మశానంలోకి రానివ్వలేదనే గదా, తాతల నాడు కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చుని ఆ అరెకరం తెచ్చుకుంది! అట్లా తెచ్చుకున్న తోటలోకి మన పసిబిడ్డని మనమే రానివ్వలేదు. తమ ఊరు దర్శి అవతల మిరపచేను గట్టున పూడ్చారు. ఈ ఏడు కౌలుదారు మారాడు. గట్టు చెరిపి దున్నించాడు. ఆ పసివాడిప్పుడు ఏ సాలు కింద ఉన్నాడో కన్నతల్లికి కూడా తెలియదు.

"ఏ సాలో చూపించు అన్నయ్యా. చూపిస్తే నోరు మూసుకుని బస్సెక్కుతా."

ఏసోబు బైబిలు తెరిచాడు. జవాబు లేనప్పుడల్లా ఆయన తెరిచేది అదే.

వీరమ్మ అల్లుడి వైపు తిరిగింది. మార్క్ గోడకి వీపు ఆనించి ఫోను చూసుకుంటున్నాడు. మిరపకాయల టిక్కీ బస్తాలు తోలే ట్రాలీ ఆటో వాడిది. కోత రోజుల్లో తొమ్మిది రోజులు ఇక్కడ పడి ఉన్నందుకు వాడికి అందరి మీదా కోపమే, ఒక్క తండ్రి మీద తప్ప.

"నువ్వయినా చెప్పు అల్లుడూ."

"నన్నెందుకు లాగుతావత్తా? పెద్దోళ్ళు మీరు మీరు చూసుకోండి."

"కన్నది మీరు మీరు. చూసుకునేది మేము మేమా?"

మార్క్ ఫోను మీద వేలు కదిలించాడు.

అప్పుడే బాలింతల వార్డు వైపు నుంచి హెలెన్ వచ్చింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పొత్తికడుపు అదుముకుని. ఆపరేషను కుట్లకి చీము పట్టింది. మొహం పాలిపోయి సున్నం కొట్టినట్టుంది.

"ఎందుకే లేచొచ్చావు!"

"మీ అరుపులు మా వార్డుకి ఇనపడతన్నయ్. పక్కమంచం ఆమె అడిగింది, మీ వాళ్ళలో ఎవరు పోయారమ్మా అని. ఎవరూ పోలేదక్కా, బతికున్నదాని గురించే కొట్టుకుంటున్నారని చెప్పా."

దూరంగా ఎవరి బిడ్డో సన్నగా ఏడుస్తోంది. తమ బిడ్డ కాదు. తమ బిడ్డకి ఏడ్చే ఓపిక ఇంకా రాలేదు.

*

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. ఏసోబు కుర్చీకి కొట్టుకుని ఆగింది.

"తాతా, ఎన్నిసార్లు చెప్పాలి? రేపు ఆక్సిజను సిలిండరు తెచ్చేవాడు మిమ్మల్ని కూడా దొర్లించుకుంటా పోతాడు."

స్టాఫ్ నర్సు సైమా. చీరాల అమ్మాయి. లోపల పన్నెండు మంది పిల్లలకి ఇద్దరు నర్సులు. ఇవ్వాళ రెండో ఆమె రాలేదు.

"హెలెన్ పాప నిన్నటి నుంచి నిమ్మళంగా ఉంది. పెట్టెలోంచి తీసి గంటసేపు మనిషి ఒంటికి ఆనించి పెట్టమన్నారు డాక్టరుగారు. కంగారూ కేర్ అంటాం. గుండెల మీద వేసుకుంటే ఆ వేడికి బిడ్డ నిలబడుద్ది. తల్లికి చీముంది, కుదరదు. ఇంకెవరున్నారు?"

"నేనున్నా సిస్టరమ్మా." వీరమ్మ సంచీ వదిలేసింది.

"ఆమె ఒద్దు." ఏసోబు కర్ర నేలకి కొట్టాడు.

"అయితే మీరు చొక్కా విప్పండి తాతా. మగాళ్ళయినా పర్లేదు. చర్మం ఉంటే చాలు."

వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏసోబు చొక్కా పై గుండీ పట్టుకుని, వదిలేశాడు.

"పాప నాన్న?"

మార్క్ తండ్రి మొహం చూశాడు. "నాకు భయం సిస్టర్. ఎలకపిల్లంత ఉంది. నలిగిపోద్దేమో."

"నలగదు. మీరు అరవకుండా ఉంటే చాలు, అదే బతుకుద్ది." సైమా వీరమ్మకి సైగ చేసింది. "రా పెద్దమ్మా."

హెలెన్ తల్లి మణికట్టు పట్టుకుంది.

"అమ్మా. నీళ్ళు పొయ్యనని ఒట్టెయ్యి."

"పొయ్యనే."

"నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టే పిచ్చిదానా. నా మనవరాలు గాదా అది?"

హెలెన్ వదల్లేదు. తల్లి కళ్ళలోకే చూసింది. ఆ కళ్ళు మిరపఘాటుకి ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. వాటిలో ఏముందో తెలియదు.

లోపల కొళాయి దగ్గర సైమా వీరమ్మ గాజులు తీయించింది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మిరపకాయ చేతులు నీళ్ళకి లొంగవని ఆ పిల్లకి తెలుసు. రవిక విప్పి గౌను వేసుకోమంటే వీరమ్మ వెనక్కి తగ్గింది. సైమాకి అనుమానం వచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే రవికలో చిన్న కూల్‌డ్రింకు సీసా.

"ఇదేంది?"

"మా గుడి బావి నీళ్ళు సిస్టరమ్మా."

"తాగడానికా?"

సైమా మూత తిప్పి నీళ్ళన్నీ సింకులో వంచేసింది. సత్తెనపల్లి నుంచి గుండెల్లో పెట్టుకుని తెచ్చిన నీళ్ళు గుడగుడమని కిందికి పోయాయి.

"బావి నీళ్ళలో ఏ పురుగుందో మీకు తెలియదు పెద్దమ్మా. ఇక్కడ అట్టాంటివి పనికిరావు. ఇదిగో, పాప పక్కనే సీసా ఉంది చూడండి. చేతుల మందు, శానిటైజరు. పాపని ముట్టుకునే ముందల్లా చేతికి రాసుకోవాలి. మీ బావి నీళ్ళకన్నా, మా కొళాయి నీళ్ళకన్నా ఇదే శుభ్రం. దీన్ని మించింది లేదు. కానీ చేతులకే. ఆరిన తర్వాతే పాపని తాకాలి."

మంచి మాట చెప్పింది సైమా. పూర్తిగా చెప్పింది. వీరమ్మ చెవిన పడింది సగమే.

*

బిడ్డ బరువు వీరమ్మకి తెలియలేదు. గోంగూర కట్టంత బరువు కూడా ఉన్నట్టు లేదు. రొమ్ముల మధ్య చిన్న తడిబట్ట ఆనినట్టుంది, అంతే. ముక్కులోకి సన్నటి గొట్టం, కాలికి ఎర్రగా వెలిగే తీగ. నడినెత్తి మీద చర్మం ఎగిరెగిరి పడుతోంది.

"ఓ తల్లీ," అంది వీరమ్మ. "మీ అమ్మ మిరపచేలో నొప్పులు పడింది నీకోసం. తెలుసా?"

బిడ్డ వేలు ఒకటి కదిలింది. వీరమ్మకి నవ్వొచ్చింది. అరగంట అట్లాగే పడుకుని ఉంది, కదలకుండా.

అవతలి వరసలో ఏదో మిషను గంట కొట్టింది. కొత్తపట్నం నుంచి వచ్చిన కవలల్లో ఒకడు. సైమా అటు పరిగెత్తింది. వీరమ్మకి ఆమె వీపు కనపడుతోంది. పది అడుగుల దూరం కూడా లేదు.

అప్పుడు రొమ్ముల మధ్య కదలిక ఆగింది.

వీరమ్మ చూసింది. డొక్క ఎగరడం లేదు. పక్కన మిషనూ గంట కొడుతోంది, అవతలి గంటలో అది సైమాకి విడిగా వినపడలేదు. పెదాలు నేరేడు రంగుకి తిరుగుతున్నాయి. పోయిన ఏడు పెద్దోడి పెదాలు ఇట్లాగే తిరిగాయి. ఆవిడకి ఆ రంగు తెలుసు.

ఒక్క కేక వేస్తే సైమా వచ్చేది. ఈ పిల్లలకి ఊపిరి మధ్యమధ్యలో ఆగుతూ ఉంటుందనీ, కాస్త కదిపితే మళ్ళీ వస్తుందనీ అక్కడి ఆయాకి కూడా తెలుసు. వీరమ్మకి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. కేక వేయకపోవడం తప్పు. ఆవిడ మనసులో బిడ్డ అప్పటికే చచ్చిపోయింది. ఇంక మిగిలింది బాప్తిస్మంతో పెట్టే పేరు. అది లేకపోతే మళ్ళీ గట్టున పూడ్చడం. గట్టు దున్నేయడం.

నీళ్ళు లేవు. కుడిచేతి పక్కన సీసా ఉంది. నీళ్ళకన్నా శుభ్రమైంది.

నొక్కింది. అరచేతిలో చల్లగా పడింది.

"జెస్సీ," అంది గొణుగుతూ. "తండ్రి యొక్కయు..." నెత్తి మీద పోసింది. "కుమారుని యొక్కయు..." ఇంకోసారి నొక్కింది. "పరిశుద్ధాత్మ యొక్కయు నామమున..."

మూడోసారి పోసింది నుదుటి మీదుగా కారి ఎడమ కంట్లోకి పోయింది.

వరండా వైపు అద్దం బయట హెలెన్ నిలబడి ఉంది. తల్లి పెదాలు కదలడం చూసింది. చెయ్యి మూడుసార్లు బిడ్డ నెత్తి మీదికి వెళ్ళి రావడం చూసింది. దీవిస్తోందనుకుంది. తర్వాత సీసా చూసింది.

హెలెన్ అద్దం మీద దబదబా కొట్టింది. సైమా వెనక్కి తిరిగింది.

"అయ్యో, ఏం పోశావు! ఏం పోశావు పెద్దమ్మా!"

*

వీరమ్మని బయటికి నెట్టినట్టే పంపారు. గౌనుతోనే వచ్చింది. చేతులు రెండూ ఎవరికో చూపిస్తున్నట్టు ముందుకి పెట్టుకుని ఉంది.

"పేరు పెట్టా," అంది. "జెస్సీ. పెట్టేశా. ఇంక భయం లేదే హెలెన్. ఇప్పుడు పోయినా..."

"పోయినా?"

"ఊపిరాగిందే. నల్లబడింది. పెద్దోడి మాదిరి. ఇంక పోతందనుకున్నా."

"అనుకుంటే కేకెయ్యాలి గదా!" హెలెన్ గొంతు చీలిపోయింది. "పది అడుగుల్లో సిస్టర్ ఉందే! అమ్మా అని ఒక్క కేక! నువ్వు దాన్ని బతికించడానికి లోపలికి పోలేదు. పూడ్చడానికి తయారు చెయ్యడానికి పోయావు."

"అంత మాట అనబాక. నీ మేలు కోరే..."

"నా మీద ఒట్టేశావు."

"నీళ్ళు పొయ్యలేదే. నీళ్ళు ఆ సిస్టరు పారబోసింది."

ఏసోబు లేచి నిలబడ్డాడు. మూడు రోజుల్లో మొదటిసారి కుర్చీ వదిలాడు. బిడ్డ ఎట్లా ఉందని అడుగుతాడనుకున్నారు అందరూ.

"నీళ్ళు గాదా?" అన్నాడు. "మరి ఏంది పోసింది?"

"చేతుల మందు."

"మందా!" ఆయన మొహం విచ్చుకుంది. "మందుతో బాప్తిస్మం ఏందమ్మా? ఏ వాక్యంలో ఉంది? చెల్లదు. అసలే చెల్లదు."

"ప్రాణం మీదికొస్తే విశ్వాసి ఎవరైనా ఇవ్వొచ్చని మా అయ్యగారు చెప్పాడు."

"నీళ్ళతో అని చెప్పాడా, మందుతో అని చెప్పాడా?"

"ఆయన ఏది దొరికితే అది..."

"ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి. అడుగు. మందుతో చెల్లుద్దా లేదా, నాకూ ఇనపడేట్టు స్పీకర్లో పెట్టు."

"చేస్తా. భయమా నాకు?"

లోపల సైమా బిడ్డ మూతి మీద రబ్బరు తిత్తి పెట్టి ఊపిరి పోస్తోంది. డాక్టరు చొక్కా చేతులు మడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి లోపలికి దూరాడు. బయట ఇద్దరు ముసలివాళ్ళు, ఆ నెత్తి మీద పడింది చెల్లుతుందా చెల్లదా అని తేల్చుకుంటున్నారు.

హెలెన్ నేల మీద కూలబడింది. కుట్ల దగ్గర తడిగా తగిలింది. చూసుకోలేదు.

*

ఇరవై నిమిషాల తర్వాత డాక్టర్ శ్యామ్ సుందర్ బయటికొచ్చాడు. వెనక సైమా.

"బతికే ఉంది," అన్నాడు డాక్టరు. "ఊపిరి తెప్పించాం. మళ్ళీ మళ్ళీ ఆగుతోంది. నుదురు, నడినెత్తి కాలిపోయాయి. నెల తక్కువ పిల్లల చర్మం ఉల్లిపొర లాంటిది, ఈ మందుకి ఊడొస్తుంది. ఎడమ కంట్లోకి కూడా పోయింది. ఆ చూపు ఉంటుందో లేదో నేను చెప్పలేను. ఇప్పుడు చెప్పండి. మందు పాప తల మీదికి ఎట్లా వచ్చింది? నేను రాయాలి. రాసింది పోలీసు అవుట్‌పోస్టుకి వెళ్తుంది."

పోలీసు అన్న మాటకి వీరమ్మ చేతులు కిందికి దిగాయి. పొలం తగాదాలో మొగుణ్ణి స్టేషనుకి తీసుకుపోయి ఎట్లా పంపించారో ఆవిడ మర్చిపోలేదు. ఆ తర్వాత ఆయన తిన్నగా నడవలేదు.

"సీసా..." అంది. "సీసా ఒరిగి పడింది బాబూ."

హెలెన్ తలెత్తింది.

"ఎట్లా పడింది?"

"పక్కనే పెట్టింది సిస్టరు. మోచెయ్యి తగిలింది. మూత సరిగ్గా లేదు బాబూ."

ఇప్పటిదాకా దేవుడి పని చేశానన్న మనిషి. దేవుడి పనికి కూడా ఖాకీ బట్టలంటే భయమే.

డాక్టరు ఏసోబు వైపు చూశాడు. ఏసోబు గొంతు సవరించుకున్నాడు. నిజం చెప్తే వియ్యపురాలు పోలీసుల పాలవుతుంది. అది ఆయనకి ఇష్టమే. కానీ నిజం కాగితం మీదికెక్కితే, సంఘపెద్ద మనవరాలికి లూథరన్ అమ్మమ్మ బాప్తిస్మం ఇచ్చిందన్నదీ ఎక్కుతుంది. దర్శిలో నవ్వుతారు. సీసా ఒరిగి పడితే బాప్తిస్మం జరగలేదు. అసలేమీ జరగలేదు.

"నిజమేనండి," అన్నాడు. "నేను అద్దంలోంచి చూశా. సీసా పడింది."

పది అడుగుల దూరంలో మనిషి మొహం ఆనదు ఆయనకి. శుక్లాలు.

పొద్దుటి నుంచీ ఒకరి గొంతు ఒకరు కొరుక్కున్నవాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు. ఒకే దేవుడు కలపలేనివాళ్ళని ఒకే అబద్ధం కలిపింది. ఇందాకటి అరుపులు విన్న వరండా ఆడవాళ్ళు పోలీసు మాటకి మొహాలు తిప్పుకున్నారు.

"సైమా, సీసా ఎక్కడ పెట్టావు?"

"రోజూ పెట్టే చోటే సార్. బెడ్ పక్కన."

"ఆ టైములో నువ్వెక్కడున్నావు?"

"కొత్తపట్నం కవలల దగ్గర. పెద్దవాడికి ఆక్సిజను పడిపోయింది."

"అంటే నువ్వు చూడలేదు."

"చూడలేదు సార్. నేను తిరిగేసరికే తల తడిసిపోయి ఉంది." ఆమె వీరమ్మ వైపు చూసింది. వీరమ్మ గోడ వైపు చూసింది.

"సిస్టర్ అక్కడ లేదు సార్," అన్నాడు మార్క్. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఈ రోజంతా వాడు అడక్కుండా నోరు తెరిచింది ఇప్పుడే. "మా బిడ్డని గాలికి వదిలేసి పోయింది. సాయిబుల పిల్లకి మా బిడ్డంటే లెక్కేముంటది?"

సైమా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. చేతులు శుభ్రంగా ఉంచుకోవాలి గదా.

డాక్టరు నిట్టూర్చాడు. "సీసా ఒరిగిందంటే తప్పు డ్యూటీ నర్సుది. ఇప్పటికిప్పుడు ఆమెని వార్డులోంచి దింపాలి. ఇంకో నర్సు వచ్చేదాకా ఆయా ఒక్కతే ఉంటుంది. పైకి రాస్తాను, ఉద్యోగం కూడా ఉండకపోవచ్చు. తల్లి ఏమంటుంది?"

"కోడలికి ఏం తెలుసండీ, అప్పుడు వార్డులో పడుకుని ఉంది," అన్నాడు ఏసోబు.

"అద్దం కాడే నిలబడ్డా మావయ్యా. చూశా."

మార్క్ వంగి ఆమె చెవిలో అన్నాడు. "పిచ్చిపని చెయ్యబాక. మీ అమ్మని జైల్లో పెట్టుకుంటావా? ఆ నర్సు నీకేమవుద్ది?"

"నాకేం కాదు. లోపలున్నదానికి ఊపిరవుద్ది."

హెలెన్ గోడ పట్టుకుని లేచింది. తల్లి కళ్ళు ఆమెని పట్టుకున్నాయి. ఆ చేతులతోనే కోల్డ్ స్టోరేజీలో బస్తాల మధ్య కూర్చుని, దగ్గుతూ, తుమ్ముతూ, తొడిమలు తీసి తనని ఇంటరు దాకా చదివించింది. మొగుడు నడవలేని రోజుల్లో ఇంటిని నడిపింది. అబద్ధం చెప్పడం ఆవిడకి రాదు. ఈ రోజే నేర్చుకుంది.

"హెలెనూ," అంది వీరమ్మ. గౌను కింద చెక్కుకున్న కొంగు లాగి ముందుకి చాచింది, ముష్టి అడిగినట్టు.

హెలెన్ డాక్టరు వైపు తిరిగింది.

"సీసా ఒరిగి పడలేదు సార్. మా అమ్మ పోసింది. మూడుసార్లు నొక్కి, మూడుసార్లు పోసింది. ఊపిరాగిందని తెలిసి కూడా సిస్టర్‌ని పిలవలేదు. రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా."

డాక్టరు కాగితం తీసి రాసుకున్నాడు.

"నిన్ను కన్నానే," అంది వీరమ్మ.

"నేనూ కన్నానమ్మా."

వీరమ్మ చాచిన కొంగు అట్లాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దాన్ని నోట్లో కుక్కుకుని గోడ వారన జారిపోయింది.

"ఇంక నువ్వు దర్శి రాబాక," అన్నాడు మార్క్. "నన్నూ మా నాన్ననీ అబద్ధాలకోరుల్ని చేశావు పదిమందిలో. నువ్వూ, అదీ ఎక్కడికి పోతారో పోండి."

"అదీ అనబాక. దానికి పేరుంది," అని వీరమ్మ కొంగు గుడ్డలోంచి అంది. ఎవరూ వినలేదు.

డాక్టరు కాగితం మడిచాడు. "లోపలికి తల్లి ఒక్కతే రావాలి. మాస్కు, గౌను. పాపని ఎత్తుకోకూడదు, పక్కన కూర్చోవాలి. ఇంకెవరూ ఈ తలుపు దాటకూడదు."

*

సైమా థాంక్స్ చెప్పలేదు. చెప్పే తీరిక లేదు. హెలెన్‌ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రుద్ది, ఆరబెట్టి, బిడ్డ కాళ్ళ దగ్గరికి జరిపింది. పైన వేడి లైటు. బిడ్డ నుదుటి మీద తడి దూది. ఎడమ కంటికి పట్టీ. దూది అంచున చర్మం టమాటా తోలులా లేచి ఉంది.

"మిషను మీద ఆ పచ్చ అంకె చూస్తా ఉండు, అది ఆక్సిజను. తొంభై మీద ఉంటే పర్లేదు. ఎనభై ఐదు కిందికి పోతే గంట కొడుద్ది. అప్పుడు ఏం చేస్తావంటే, అరికాలు మీద వేలితో ఇట్టా కొట్టాలి. గట్టిగా."

"నెప్పెడుద్ది గదా సిస్టర్."

"నెప్పెట్టాలి. నెప్పి తగిలితేనే దానికి ఊపిరి గుర్తొస్తది. కాసేపు నువ్వు చూడు. నాకు అవతల పదకొండు మంది ఉన్నారు."

ఆమె వెళ్ళిపోయింది.

అద్దం అవతల బూట్ల చప్పుడైంది. ఎవరో మగగొంతు వీరమ్మ పేరు, ఊరు అడుగుతోంది. మొగుడి పేరు అడుగుతోంది. వీరమ్మ చెప్పింది వినపడలేదు. "లే, లే, అక్కడికొచ్చి ఏడుద్దువుగాని" అన్నది మాత్రం వినపడింది. హెలెన్ తల తిప్పలేదు. తిప్పితే అంకె కనపడదు.

తొంభై రెండు. తొంభై. ఎనభై ఎనిమిది.

బిడ్డ డొక్క ఎగరడం ఆగింది.

గంట కొట్టింది. హెలెన్ వేలు మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుని, అరికాలు మీద కొట్టింది. తన బొటనవేలంత అరికాలు. కళ్ళు తెరిచి చూసింది.

ఎనభై ఒకటి.

"సిస్టర్!" అని అరిచింది.

"కొట్టు!" అవతలి వరస నుంచి సైమా గొంతు. "నా చెయ్యి ఖాళీ లేదు, కొట్టు! ఇంకా గట్టిగా!"

మళ్ళీ కొట్టింది. పాదం ఎర్రబడింది. బిడ్డ కదల్లేదు.

డెబ్బై ఆరు.

హెలెన్ ఎడమచేత్తో ఆ మడమని పట్టుకుంది. కుడిచేతి వేలు మడిచింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.